అప్పదాసుగారి పిల్లలం

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రసంగం ఒక్కరిది కాదు. మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఒకరింటికొకరు వెళ్ళివస్తూ వున్న నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం కూర్చుని అనుకున్న మాటలివి. చదివే గొంతు ఒకటే అయినా మాట మా అందరిదీ. అందుచేత ఇందులో "మేము" అన్నమాట కాస్త తరచుగా వినిపిస్తుంది. మన్నించగలరు.

నిర్వాహకులు మాకు అప్పగించిన విషయం, పోయిన ఆత్మీయులను తలచుకోవడం. ఇలాంటి సభల్లో మామూలుగా ఏం చెబుతారో మనందరికీ తెలుసు. ఫలానా సంవత్సరంలో పుట్టారు, ఫలానా చోట చదివారు, ఫలానా ఉద్యోగం చేశారు, పిల్లలను ఇంతవాళ్ళను చేశారు, ఫలానా నాడు పరమపదించారు. అన్నీ నిజాలే. కాని ఆయనకు ఏది ఇష్టమో ఎవరూ చెప్పరు. ముద్దపప్పులో నెయ్యి వేసుకున్నాక ఆయన ముఖం ఎలా వుండేది? మొదటి వాన పడితే కుర్చీ అరుగుమీదకు లాక్కునేవారా, గొడుగు వెతుక్కునేవారా? ఈ సంగతులు చెప్పకపోతే మనిషి పటంలోనే వుండిపోతాడుగాని మన మధ్యకు రాడు. కాబట్టి ఈ పూట మేము గొప్పవారి గొప్పతనాన్ని గురించి గాక, చిన్న చిన్న సుఖాలను నిండుగా అనుభవించడం తెలిసిన మనుషుల గురించి మాట్లాడతాము.

అలాంటి మనిషి పేరొకటి చెప్పమంటే తెలుగువాళ్ళలో చాలామంది చెప్పే పేరు అప్పదాసు. ఆయన నిజంగా పుట్టిన మనిషి కాదు. శ్రీరమణగారి "మిథునం" కథలో పుట్టాడు. శ్రీరమణగారు 1952 సెప్టెంబరు 21న అప్పటి గుంటూరు జిల్లాలోని వరాహపురం అగ్రహారంలో పుట్టారు. పేరడీలు రాసి నవ్వించారు, బాపు రమణలతో కలిసి పనిచేశారు, పత్రికల్లో కాలమ్‌లు నడిపారు. 2023 జూలై 19న హైదరాబాదులో కన్నుమూశారు. ఎన్ని రాసినా లోకం ఆయనను "మిథునం శ్రీరమణ" అనే పిలిచింది. ఆ కథమీద మక్కువకొద్దీ బాపుగారు దాన్ని మొదటినుంచి చివరిదాకా తన చేత్తో రాశారు. ఆ దస్తూరీతోనే అది అచ్చుకూడా అయింది. బొమ్మలు గీసే చెయ్యి ఒకరి కథను అక్షరం వెంట అక్షరంగా ఎత్తిరాసిందంటే, ఆ ఇష్టం ఎంతటిదో మనం ఊహించుకోవచ్చు.

ఇక్కడ మన ఇరుగుపొరుగున మలయాళీ సోదరులు చాలామంది వున్నారు కనుక మరొక సంగతి. ఎం.టి. వాసుదేవన్ నాయర్‌గారు ఈ తెలుగు కథ ఆధారంగానే 2000లో "ఒరు చెఱు పుంచిరి" అనే సినిమా తీశారు. ఆ మాటకు "ఒక చిరునవ్వు" అని అర్థం. అందులో ముసలాయనగా ఒడువిల్ ఉన్నికృష్ణన్, ముసలమ్మగా నిర్మలా శ్రీనివాసన్ నటించారు. మన అప్పదాసు అక్కడ కురుప్ అయ్యాడు. కొబ్బరిచెట్లు, పెరటిబావి, ఆలుమగల చిల్లర తగవులు రెండు చోట్లా ఒకటే కాబట్టి కథ అక్కడ పరాయిగా కనిపించలేదు. ఆ తరువాత 2012లో తనికెళ్ళ భరణిగారు దాన్ని తెలుగులో తీశారు. తెరమీద కనిపించేది ఇద్దరే: అప్పదాసుగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మిగారు.

చూడనివారికోసం రెండు ముక్కల్లో కథ చెబుతాము. వయసు మళ్ళిన దంపతులు. పల్లెటూరి ఇల్లు, పెరడు, చెట్లు, పాదులు. పిల్లలందరూ దూరాలకు వెళ్ళిపోయినవారే. అప్పదాసుకు తిండిమీద, దాని చుట్టూ వుండే తతంగం మీద ప్రేమ. ఏ కూర ఎప్పుడు లేతగా వుంటుందో, ఏ పచ్చడి దేనిపక్కన నిలుస్తుందో ఆయనకు తెలుసు. బుచ్చిలక్ష్మి విసుక్కుంటుంది, సాధిస్తుంది, అలుగుతుంది, వండిపెడుతుంది. అలా రోజులు గడుస్తాయి. చివరకు ఆయన వెళ్ళిపోతాడు. ఆమె మిగులుతుంది. పెద్ద మలుపులేవీ లేవు. కథంతా ఇంతే.

ఈ కథను మేము మొదట చూసింది ఆ ముసలివాళ్ళ వైపునుంచి. ఎంత హాయిగా వున్నారో అనుకున్నాము. కొన్నేళ్ళు గడిచాక ఒకనాటి ముచ్చట్లలో మాలో ఒకరు అన్నారు: "అందులో మనమూ వున్నాం కదండీ! దూరాన వున్న పిల్లలు మనమే." ఆ మాట తరువాత కాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. నిజమే. ఈ హాలులో కూర్చున్నవారిలో సగంమందికి పైగా ఏదో ఒక పెరటిబావి దగ్గర ఇద్దరినో, ఒక్కరినో వదిలి వచ్చినవాళ్ళమే. మిగిలిన సగం ఇక్కడే పుట్టి, తాతమ్మలను సెలవుల్లోనూ ఫోను తెరమీదా మాత్రమే చూసిన మనుమలు. అందరం అప్పదాసుగారి సంతానమే.

ఈ మాట ఎవరినీ నిందించడానికి అనడం లేదు. 1970 తరువాత ఈ దేశంలో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, బడులు లేస్తున్నప్పుడు పని వెతుక్కుంటూ మన పెద్దలు వచ్చారు. కరీంనగర్, నిజామాబాదు వైపునుంచి కట్టుబడి పనికి వచ్చినవారు, గోదావరి జిల్లాలనుంచీ కడపనుంచీ ఇళ్ళలో పనికి వచ్చిన అక్కలు, ఇంజనీర్లు, నర్సులు, లెక్కలు రాసేవారు, ఎవరి అవసరం వారిది. రాకపోతే అక్కడ పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో. దూరం వెళ్ళడం తప్పు కాదు. అయితే దూరానికి ఒక వెల వుంది. అది మాకు బాగా తెలిసి వచ్చింది 2020లో.

ఆ సంవత్సరం మార్చి నెలాఖరునుంచి మస్కట్ విమానాశ్రయం మామూలు రాకపోకలకు మూతపడింది. తిరిగి తెరుచుకున్నది అక్టోబరు 1న. మధ్యలో మే నెలనుంచి ప్రత్యేక విమానాలు నడిచినా, కావలసినప్పుడు కావలసినవారికి సీటు దొరకడం అదృష్టమే. అంతకుముందు హైదరాబాదు మనకు మూడు గంటల దూరం. గురువారం రాత్రి కబురు తెలిస్తే శుక్రవారం పొద్దుటికి గుమ్మంలో వుండగలిగేవాళ్ళం. అలాంటిది ఆ ఆరు నెలలూ ఊరు చందమామ అంత దూరమయింది. మాకు తెలిసిన కుటుంబాల్లోనే కొందరు తల్లిని, కొందరు తండ్రిని అలా ఫోనులోనే సాగనంపవలసి వచ్చింది. పాడె లేస్తున్నప్పుడు అక్కడ ఎవరో ఫోను పైకెత్తి పట్టుకుంటే, ఇక్కడ వంటింట్లో నిలబడి చూశారు. కాస్తంత నీళ్ళు వదలడానికి, నలుగురితో కూర్చుని ఏడవడానికి కూడా వీలులేకపోయింది. మర్నాడు పనికి వెళ్ళారు.

ఆ రోజుల్లోనే, సెప్టెంబరు 25న, బాలుగారు చెన్నైలో వెళ్ళిపోయారు. మస్కట్ విమానాశ్రయం తెరవడానికి ఇంకా ఆరు రోజులుంది. ఆగస్టు మొదట్లో ఆస్పత్రిలో చేరినప్పుడు, తనకేమీ ఫరవాలేదని, కంగారుపడి ఎవరూ ఫోన్లు చెయ్యవద్దని ఆయన అందరికీ కబురు పెట్టారు. అందరం నమ్మాము. నమ్మాలనుకున్నాము. ఆయన పోయిన నాడు ఇక్కడ ఎన్నో తెలుగు ఇళ్ళలో, సొంత మనిషి పోయినప్పుడు రాని ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో మేము తరువాత ఆలోచించాము. అంతకుముందు లోపల ఆగిపోయిన ఏడుపులన్నీ ఆయన పేరుమీద బయటికి వచ్చాయి. పైగా ఆయన మనకు అప్పదాసు కూడా కదా!

అప్పదాసు వేషం బాలుగారికి ఊరికే నప్పలేదు. ఆయన స్వభావం కూడా అటువంటిదే. 1966లో మొదటిపాట పాడినప్పటినుంచి 50 ఏళ్ళకు పైబడి పాడిన గొంతు అది. అలాంటి గొంతువున్న మరొకరైతే మజ్జిగకు కూడా భయపడేవారేమో. ఈయన గొంతుకోసం నోరు కట్టుకోలేదు, చల్లనివి మానలేదు. ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పేవారు. "పాడుతా తీయగా"లో పిల్లలు పాడుతుంటే ఆయన ముఖం గుర్తు తెచ్చుకోండి. తీర్పు చెప్పేవాడి ముఖం కాదది, విస్తరిముందు కూర్చున్నవాడి ముఖం. మంచి సంగతి ఒకటి పడగానే కళ్ళు మూసుకునేవారు. సుఖాన్ని దాచుకోకుండా నలుగురిలో అనుభవించడం ఆయనకు తెలుసు. అందుకే ఆయన పోతే ఇంట్లో పెద్దవాడు పోయినట్టుంది.

ఇక పేరులేని మా పెద్దల సంగతి.

మాలో ఒకరిది జగిత్యాల దగ్గర పల్లె. వాళ్ళ అవ్వ బీడీలు చుట్టి నలుగురు పిల్లలను సాకింది. చాట ఒళ్ళో పెట్టుకుంటే పొద్దుగూకేదాకా తల ఎత్తేది కాదు. ఆమె ఒమన్ ఎప్పుడూ చూడలేదు. ఆమె సుఖమల్లా ఒక్కటే: సర్వపిండి. అదైనా అంతా కాదు, గంజు అంచుకు అంటుకుని కరకరలాడే ఎర్రటి అంచుముక్క. పిల్లలు పళ్ళెం చుట్టూ మూగితే, "అంతా మీరే తినున్రి బిడ్డా, అంచుముక్క ఒక్కటి నాకుంచున్రి" అనేది. పని ముగిసినాక ఆ ముక్క పట్టుకుని గడపలో కూచునేది. తిన్నంతసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. 2020లో ఆమె పోయినప్పుడు కొడుకు ఇక్కడ కార్మికుల క్యాంపులో వున్నాడు. పోలేకపోయాడు.

పదకొండో రోజున అతను క్యాంపు వంటగదిలో బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శెనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి సర్వపిండి పెట్టాడు. సరైన గంజు లేదు, మూకుడులోనే పెట్టాడు. గదిలోని పదిమందికీ పంచి, అంచుముక్క తాను తీసుకుని మెట్లమీద కూచుని తిన్నాడట. "అన్నా, గా ఒక్క ముక్క తిన్నంతసేపు మా అవ్వ సచ్చిపోయినట్టు అనిపియ్యలే" అని మాతో చెప్పాడు. పిండప్రదానాన్ని అక్కడ అన్నదమ్ములు శాస్త్రప్రకారం చేశారు. ఇక్కడ అతను చేసినదాన్ని ఏమనాలో మాకు తెలియదుగాని, తలచుకోవడం అంటే ఏమిటో మేము అతని దగ్గర నేర్చుకున్నాము.

మరొకరి తాతగారిది కోనసీమ. రైతు. మనుమల బలవంతం మీద విజిట్ వీసాపై వచ్చారు. మస్కట్‌లో పెద్ద పెద్ద మాల్స్ తిప్పి చూపించారు. "బావుందర్రా, చలిగా వుంది" అన్నారు, అంతే. సలాలా తీసుకువెళ్ళారు, వెయ్యి కిలోమీటర్ల ప్రయాణం. అక్కడ జూన్ మూడో వారంనుంచి సెప్టెంబరు మూడో వారందాకా వానజల్లు పడుతూ కొండలన్నీ పచ్చబడతాయి. ఆ రుతువును ఇక్కడివారు "ఖరీఫ్" అంటారు. ఆ మాట చెవినబడగానే తాతగారు కారులో నిటారుగా కూర్చున్నారు. "ఖరీఫా? మన ఖరీఫేనా?" అన్నారు. అవును, అదే మాట. అరబ్బీలో శరత్తును ఖరీఫ్ అంటారు. ఆ మాటే పారశీకం మీదుగా మన రెవెన్యూ కాగితాల్లోకి వచ్చి, సార్వా పంటకు ఖరీఫ్ పేరు పెట్టింది. జీవితమంతా ఖరీఫ్ పంట పండించిన మనిషికి, ఆ మాట పుట్టిన భాషలో, ఆ రుతువులోనే అది వినిపించింది. మాల్స్‌లో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి ఆ సాయంత్రమంతా మాట్లాడుతూనే వున్నారు.

సలాలాలో రోడ్డుపక్కన కొబ్బరితోటల అంచున బొండాల కొట్లు వరసగా వుంటాయి. ఆయన ఒక బొండం తాగారు. తాగాక కాయను పగలగొట్టించి, పెచ్చుతో లేతకొబ్బరి గీరుకుని తిన్నారు. ఇంకొకటి కొట్టించమన్నారు. కొడుకు మనసులోనే రియాలును రూపాయల్లోకి మార్చి లెక్క వేస్తున్నాడు. తాతగారు అది కనిపెట్టి, "ఒరేయ్, కాయను కాయలా తాగు. రూపాయిల్లా తాగితే గొంతు దిగదు" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ కుటుంబం ప్రతి ఏడూ ఖరీఫ్‌లో సలాలా వెళుతుంది. ఆ మాట ఇప్పుడు వాళ్ళింట్లో సామెత.

ఆ మాటలో మన గల్ఫ్ జబ్బు మొత్తం వుంది. ఒక రియాలుకు రెండువందల చిల్లర రూపాయలు కదా, నోట్లో పెట్టుకునే ప్రతి ముద్దనూ హెచ్చవేయడం మనకు అలవాటయింది. హెచ్చవేసి, "తరువాత చూద్దాంలే" అంటాము. ఇల్లు లేచాక, అమ్మాయి పెళ్ళయ్యాక, అబ్బాయి చదువు ఒడ్డెక్కాక, ఇక రెసిడెంట్ కార్డు అక్కరలేదనుకున్నాక, అప్పుడు హాయిగా కూర్చుని కాఫీ తాగుదాము అనుకుంటాము. ఆ "తరువాత" వచ్చేసరికి డాక్టరు కాఫీ మానమంటాడు. పొదుపు చెయ్యవద్దని మేము అనడం లేదు. పొదుపు చేసే మనం ఇక్కడున్నాము, అది తినే నోళ్ళు అక్కడున్నాయి. కాని చిన్న సుఖం డబ్బుతో పెద్దగా పనిలేనిది. దానికి కావలసింది వేళ, ఓపిక, ధ్యాస.

ఈ విద్య మనకొక్కరికే తెలుసనుకోవద్దు. మనకు అన్నం పెడుతున్న ఈ దేశంలోని పెద్దలను చూడండి. నిజ్వా వైపు ఊళ్ళలో ఖర్జూరపు చెట్లకింద ఫలజ్ కాలువ పారుతుంటుంది. కొండ అడుగునుంచి నీటిని ఊరిదాకా నడిపించి, వంతులవారీగా పంచుకునే ఈ పాతకాలపు కాలువల్లో అయిదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గట్టుమీద పెద్దలు కూర్చుంటారు. ముందు ఖర్జూరం, ఆ తరువాత చిన్న గిన్నెలో ఏలకుల వాసన వేసే కహ్వా. గిన్నె నిండా పొయ్యరు. రెండు గుక్కలు పోసి, ఖాళీ అయితే మళ్ళీ పోస్తారు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ చిన్నగా ఊపాలి. మాట అక్కరలేదు. ఈ అరబ్బు కాఫీ మర్యాదను కూడా 2015లో యునెస్కో తన జాబితాలోకి తీసుకుంది. ఒమన్, సౌదీ అరేబియా, ఎమిరేట్లు, కతర్ కలిసి ప్రతిపాదించాయి. "మిథునం" సినిమాలో జొన్నవిత్తులగారు రాసిన కాఫీ దండకం విన్నవారికి ఈ కహ్వా మర్యాద కొత్తగా అనిపించదు. అక్కడా ఇక్కడా కాఫీ దాహం తీర్చుకోవడానికి కాదు, కాసేపు కూర్చోవడానికి.

మాలో ఒకరి తల్లిగారికి ఆ కాసేపు పొద్దున్నే వుండేది. ఆవిడ తెనాలిలో తెల్లవారుజామున అయిదున్నరకు మొదటి కాఫీ తాగేవారు. అప్పుడు ఇక్కడ నాలుగు గంటలు. తన గ్లాసు వేరు, తన పీట వేరు. ఇంట్లో ఇంకా ఎవరూ లేవని ఆ పావుగంట ఆవిడది. కూతురు ఎంత ప్రేమగా ఫోను చేసినా ఆ వేళకు తీసేవారు కాదు. "నా కాఫీ అయ్యాక మాట్లాడతానమ్మా" అనేవారు. కూతురికి చాలాకాలం అది అర్థం కాలేదు. ఇప్పుడు తనకూ పెళ్ళీడు పిల్లలు వున్నారు. ఇప్పుడు అర్థమయింది. రోజంతా అందరికోసం నిలబడే మనిషి తనకోసం కూర్చునేది ఆ పావుగంటే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పోయినవారి ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు మనం తరచు తినే చేతినే తలచుకుంటాము, వండే చేతిని మరిచిపోతాము. అప్పదాసు భోగం అంతా బుచ్చిలక్ష్మి రెక్కలమీద నడిచింది. గుత్తొంకాయ కావాలన్నది ఆయన. పొగలో కళ్ళు నులుముకున్నది ఆమె. శ్రీరమణగారు గొప్ప కథకుడు కాబట్టి ఆ సంగతి ఎరుగుదురు. చివరకు ఆయన పోయినప్పుడు బుచ్చిలక్ష్మి అనుకునేది ఏమిటి? తాను ముందు పోయివుంటే ఈ మనిషికి ఎవరు చేసిపెడతారు, ఎవరు ఓర్చుకుంటారు, ఆయనే ముందు వెళ్ళడం మేలు అని. పసుపు కుంకుమలతో పోవాలని ప్రతి స్త్రీ కోరుకునే లోకంలో ఆమె దాన్ని కాదనుకుంది. అది ప్రేమే. మేము దాన్ని విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. కాని మన పిల్లలు ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: బుచ్చిలక్ష్మికి ఏది ఇష్టం? మన అమ్మమ్మకు, నాయనమ్మకు, అవ్వకు, తనకోసం తనకు ఏది ఇష్టం? "మీరు తింటే నాకు తిన్నట్టే" అన్న జవాబును ఒప్పుకోవద్దు. మళ్ళీ అడగండి. అంచుముక్క వంటిది, పొద్దుటి పావుగంట వంటిది ఏదో ఒకటి వుండితీరుతుంది.

పిల్లలూ, చివరి మాటలు మీకు. మీకు తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు, వినడం వచ్చు కదా. ఊళ్ళో పెద్దవాళ్ళు వున్నవారు ఈసారి ఫోను చేసినప్పుడు "బావున్నావా, తిన్నావా" దగ్గర ఆగిపోకండి. ఇవాళ ఏం తిన్నావు, అందులో ఏది బాగుంది, ఎక్కడ కూర్చుని తిన్నావు అని అడగండి. చిన్నప్పుడు ఏ వేళ ఇష్టం, ఏ వాసన ఇష్టం, ఏ పాట వస్తే పని ఆపేదానివి అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, తెలుగు రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే. వంటల పుస్తకాలు బజారులో దొరుకుతాయి. మీ తాతగారు ఆ వంట తిని ఏమన్నారో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. అది తెలిసినవారు ఏడాదికి ఒకరిద్దరు చొప్పున తగ్గిపోతున్నారు.

పెద్దవాళ్ళు ఇప్పటికే వెళ్ళిపోయినవారి ఇళ్ళలో, వారి తిథినాడు చెయ్యవలసినవి చేసిన తరువాత, వారికి ఇష్టమైన పని ఒకటి చెయ్యండి. ఇష్టమైన వంట వండి ఊరుకోవడం కాదు, వారు చేసినట్టే నిదానంగా కూర్చుని, ఫోను పక్కనపెట్టి, ఆ వంటనో ఆ పాటనో ఆ సాయంకాలాన్నో అనుభవించండి. మత్రా సముద్రపు ఒడ్డున కూర్చోవడం వారికి ఇష్టమైతే అక్కడే కూర్చోండి. ఏడుపు వస్తే రానివ్వండి, నవ్వు వస్తే ఇంకా మంచిది. 2020లో కాటిదాకా వెళ్ళలేకపోయినవారికి ఈ మాట మరీ ముఖ్యంగా చెబుతున్నాము. అప్పుడు తీరని రుణం ఏదో వుండిపోయిందని కొందరు ఇప్పటికీ కుమిలిపోతున్నారు. మీ అమ్మానాన్నలు మిమ్మల్ని కన్నది పాడె మొయ్యడానికి మాత్రమే కాదు. వాళ్ళకు తీపి అనిపించినది మీ నాలుకకూ తీపి అనిపించినంతకాలం వాళ్ళ ఇల్లు ఖాళీ కాలేదనే మేము నమ్ముతున్నాము.

అప్పదాసుగారు మనకు ఆస్తి రాసి ఇవ్వలేదు. ఆ పెరళ్ళు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్నిటిలో అపార్టుమెంట్లు లేచాయి. ఇక్కడి ఎండకు కుండీలో కరివేపాకు మొక్కను బతికించడమే మనకు గగనంగా వుంది. అయినా ఆ మొక్కకు నీళ్ళు పోస్తున్నాము కదా! రెమ్మ తుంచేటప్పుడు ఒక్కసారి వాసన చూడండి, ఆ తరువాతే పోపులో వేయండి. ఇంత సేపు మేము చెప్పినది అంతే.

వంటలవారు వడ్డనకు సిద్ధంగా వున్నారని, ఆవకాయ వుందని కబురు వచ్చింది. ఇలాంటి విషయం మీద ఇంతసేపు మాట్లాడి, మిమ్మల్ని భోజనానికి ఆలస్యం చెయ్యడం న్యాయం కాదు.